కార్డింగ్ హాల్లో ఫొటో

మిల్లు గేటుకి మూడు తాళాలు. మొదటి రెండూ చెప్పినమాట వింటాయి. మూడోది మొండిఘటం, గేటుని మోకాలితో కాస్త పైకెత్తి, తాళంచెవి సగం తిప్పి ఒక్క క్షణం ఆగితే గాని లొంగదు. మేస్త్రీ దానితో కుస్తీ పడుతుంటే కారు దిగిన ముగ్గురూ ఎండలో నిలబడి గోడలకేసి చూస్తున్నారు. ఒకాయన పాటల బ్యాండుకి మేనేజరు, చెవి దగ్గరనుంచి ఫోను దించడు. ఒకామె ఫొటోగ్రాఫరు. మూడో అతను బ్యాండులో గాయకుడు. ఎండాకాలంలో కూడా మెడకి మెత్తటి గుడ్డ చుట్టుకున్నాడు.

"తొమ్మిదేళ్ళ నుంచి ఎవరూ లోపలికి రాలేదండీ," అన్నాడు మేస్త్రీ తలుపు తోస్తూ. "నేను, పావురాలు."

ఇప్పుడు కాపలా ఉద్యోగమే అయినా, పేటలో ఆయన్ని ఇప్పటికీ అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు. ఆ పిలుపు వినబడితే నడుము దానంతటదే నిటారవుతుంది.

కార్డింగ్ హాల్లోకి రాగానే ఫొటోగ్రాఫరు రెండు చేతులూ చప్పున చరిచింది. ఆ చప్పుడు అవతలి గోడదాకా వెళ్ళి నింపాదిగా తిరిగొచ్చింది. యంత్రాలన్నీ పాతసామాన్లవాళ్ళు ఎత్తుకుపోయారు. విప్పడానికి ఓపికలేక వదిలేసిన కార్డింగ్ మిషన్లు రెండు మాత్రం, పడుకున్న పశువుల్లా, హాలు మధ్యలో మిగిలాయి.

"ఇక్కడేం చేసేవాళ్ళు?" అని అడిగింది ఆమె.

తొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. దూది ఎటునుంచి వచ్చేదో, ముళ్ళ రోలర్ల మధ్య ఎలా చిక్కులు విడేదో, ఇటువైపు సాలెగూడంత పల్చటి పొరగా ఎలా దిగేదో, చేతులు తిప్పి తిప్పి చెప్పాడు.

"గాలిలో దూది ఎగిరేదా?"

"ఎగరడమా అమ్మా! ఎదుటిమనిషి కనబడేవాడు కాదు."

"మంచు కురిసినట్టు?"

"మంచు కంటే మెత్తగా," అన్నాడు మేస్త్రీ. అన్నాక, ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియలేదు. బాగుంటుందని అన్నాడు, అంతే.

ఫొటోగ్రాఫరు సంచిలోంచి అట్టముక్క తీసి మిషను మీద పరిచింది. దాని మీద పెన్సిల్ బొమ్మ. ముందు వరసలో నలుగురు, బ్యాండువాళ్ళు, నల్లగా నింపి ఉన్నారు. వెనక పన్నెండుమంది ఉత్త గీతలు.

"కొత్త పాటలన్నీ పనివాళ్ళ మీదే. 'చివరి షిఫ్టు' అని పేరు పెట్టాం," అన్నాడు గాయకుడు. "మా అమ్మమ్మ ఏదో మిల్లులో చేసిందట. నేను చూడలేదనుకోండి."

"వెనక ఈ పన్నెండుమందీ నిజంగా ఇక్కడ పనిచేసినవాళ్ళే కావాలి," అంది ఫొటోగ్రాఫరు. "వేషగాళ్ళని పెడితే చేతులు చూడగానే తెలిసిపోతుంది. దొరుకుతారా?"

"నేను పిలిస్తే రాకుండా ఉంటారా!" అన్నాడు మేస్త్రీ.

హాలు కింద దుమ్ము గది ఉంది. పైనుంచి పీల్చిన నుసి అంతా అక్కడ పోగుపడేది. ఆ గదిలో ఇంకా ఏడెనిమిది బస్తాలున్నాయని గుర్తొచ్చి ఆయన గబగబా దిగివెళ్ళి ఒక గుప్పెడు పట్టుకొచ్చాడు. ఫొటోగ్రాఫరు దాన్ని చేతిలోకి తీసుకుని, పైకప్పు పగిలిన చోట పడుతున్న ఎండలో ఊదింది. నుసి లేచింది, తేలింది, దిగలేదు.

"ఇదే," అందామె. "ఇదే ఫొటో. నాలుగో రోజు తీస్తున్నాం."

*

"పన్నెండుమంది కావాలట," అన్నాడు మేస్త్రీ ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ.

భార్య ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తలేదు. "అంతమంది మిగిలారా? పోయినవాళ్ళు పనికొస్తారేమో అడగలేకపోయావా?"

"శుభమా అని ఒక పని తలపెడితే నీ నోటినుంచి ఎప్పుడూ ఇంతే."

ఆవిడ తరగడం ఆపి కత్తి పక్కన పెట్టింది. "ఎవర్ని పిలిచినా పిలు. పిట్టమ్మ గడప మాత్రం తొక్కకు."

"ఏం, ఎందుకని?"

"ఎందుకో నన్నడుగుతావేం?" అని మళ్ళీ కత్తి అందుకుంది. కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలే కావచ్చు.

ఆ మర్నాడు ఆయన ఎక్కని మెట్టు లేదు. ఒకాయన మంచం దిగలేడు. ఒకావిడ మనవరాలికి స్నానం పోస్తూ, "ఫొటోలో నా పన్ను ఊడినట్టు కనబడుతుందా?" అని మాత్రమే అడిగింది. అయిదుగురు పనివాళ్ళ మాటలు ఒక్కడే మాట్లాడే రేడియో అనే పాత కార్మికుడు మేస్త్రీ వెంటే బయల్దేరి, ఇంకో నలుగురిని తనే ఒప్పించాడు. సాయంత్రానికి లెక్క ఎనిమిది దగ్గర ఆగిపోయింది. ఎంత తల బద్దలుకొట్టుకున్నా తొమ్మిదో పేరు ఒకటే తడుతోంది.

పిట్టమ్మ ఇల్లు మూడో అంతస్తు. పిట్టంత మనిషి, ఆ రోజుల్లో నోరు మాత్రం మిషను మోతని మించి వినబడేది. ఇప్పుడామె కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది, రెండు మోచేతులూ గట్టు మీద ఆన్చి, భుజాలు చెవులదాకా లేపి. ఊపిరి తీసుకోవడమే ఒక పనైనట్టు, ఆ పని మధ్యలో మాటలకి సందు వెతుక్కుంటున్నట్టు ఉంది. కూతురు గోడవారగా కూర్చుని ఏదో దుకాణానికి చొక్కాల గుండీలు కుడుతోంది.

"మేస్త్రీయే!" అంది పిట్టమ్మ. ఆగింది. "దారి తప్పావా?"

ఆయన ఫొటో సంగతి చెప్పాడు. రేడియో వస్తున్నాడన్నాడు. అందరం మళ్ళీ ఒకచోట కలిసినట్టుంటుందన్నాడు.

"నన్నెక్కడ నిలబెడతావు?"

"కార్డింగ్ హాల్లోనే."

"మళ్ళీనా?" అని నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు చాలాసేపు సాగింది. కూతురు లేచి వీపు రాసింది, మంచినీళ్ళిచ్చింది, మేస్త్రీకేసి మాత్రం చూడలేదు.

"కొత్త డాక్టరొచ్చాడు, ఛాతీ ఆసుపత్రికి," అంది పిట్టమ్మ తేరుకుని. "పొగ తాగే అలవాటుందా అని అడిగాడు. నవ్వాను. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గుతుంటే... ఉందని రాసేసుకున్నాడు." గట్టు మీద మోచేతులు సర్దుకుంది. "కాదు బాబూ, దూది అన్నాను. మిల్లు కార్డు చూపించమన్నాడు. చూపించాను. ప్యాకింగ్ అని ఉంది. ప్యాకింగులో దుమ్మెక్కడిదమ్మా అన్నాడు. మంచివాడే. తప్పు ఆయనది కాదు."

మేస్త్రీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మళ్ళీ తలకి పెట్టుకున్నాడు.

"బాబాయ్," అంది కూతురు, సూది గుడ్డలో గుచ్చి. "కార్డు మీద అక్షరాలు ఎవరివి?"

"ఆఫీసువాళ్ళు ఏది చెబితే అది రాసేవాళ్ళమమ్మా. కార్డింగులో ఇంతమందే ఉండాలని ఏదో రూలు. తనిఖీవాళ్ళొస్తే..."

"మా అమ్మ వేరే సెక్షనుకి మార్చమని ఎన్నిసార్లు అడిగింది?"

"పోనీవే," అంది పిట్టమ్మ. "అడిగినప్పుడల్లా వచ్చే నెల అనేవాడు పాపం. ఎప్పుడూ కాదనలేదు." తర్వాత మేస్త్రీ వైపు తిరిగింది. "ఫొటోలో ఆ హాలు కనబడుతుందా?"

"ఆఁ."

"నేను కూడా? మొహం తెలిసేట్టు?"

"తెలుస్తుంది."

"అయితే వస్తాను. డాక్టరుకి చూపిస్తాను."

"అమ్మా!" అంది కూతురు.

"రెండు గంటల పనే," అన్నాడు మేస్త్రీ లేస్తూ. మెట్లు దిగుతుంటే తన కాళ్ళ చప్పుడు తనకే పెద్దగా వినబడింది.

*

మూడో రోజున బ్యాండు మొత్తం వచ్చింది. ఫొటో మర్నాడు. ఇవాళ ఎవరెక్కడ నిలబడాలో తేల్చుకోవడమే పని. ఫొటోగ్రాఫరు నేల మీద రంగు టేపుతో గుర్తులు అతికించింది. ముందు నాలుగు ఎర్రవి, వెనక పన్నెండు తెల్లవి. గిటారతన్ని మిషను అంచు మీద ఎక్కించింది, దించింది, మళ్ళీ ఎక్కించింది. డ్రమ్స్ వాయించే అమ్మాయికి పాత డబ్బాలు చాలన్నారు. బూడిదరంగు కోట్లు కొత్తగా కుట్టించి, మోచేతుల దగ్గర ఇటుకముక్కతో రుద్ది పాతబరిచి తెచ్చారు. మేస్త్రీ ఒక కోటు పట్టుకు చూసి, "మోచేతులు కాదండీ, ఇక్కడ అరిగేవి," అని పొట్ట దగ్గర చూపించాడు. ఫొటోగ్రాఫరు మురిసిపోయి అక్కడ కూడా రుద్దించింది.

ముందువైపు రెండు పెద్ద ఫ్యాన్లు పెట్టారు. మేస్త్రీ గంపెడు నుసి తెచ్చి గుప్పెడు తీసి ఫ్యాను ముందు వదిలాడు. అది తిన్నగా వెళ్ళి బ్యాండు మీద పడింది. గాయకుడు రెండడుగులు వెనక్కి వేసి, మెడగుడ్డ ముక్కుదాకా లాక్కుని, వంగిపోయి దగ్గాడు.

మేనేజరు ఫోను వదిలేసి పరిగెత్తాడు. నీళ్ళ సీసా, తడిగుడ్డ, ఏదో మందు బిళ్ళ. "వచ్చేవారం పదకొండు ఊళ్ళలో పాడాలి! గొంతు పోతే ఎవరిది పూచీ? ఆపండి ముందది!"

ఫ్యాన్లు ఆపారు. అట్టముక్క చుట్టూ నిలబడి తర్జనభర్జన పడ్డారు. చివరికి ఫొటోగ్రాఫరు పెన్సిల్‌తో రెండు బాణాలు గీసింది. ఫ్యాన్లని బ్యాండు వెనక, నేలబారుగా, గోడవైపు తిప్పి పెడితే నుసి ముందుకి రాదు. బ్యాండువాళ్ళ మొహాలు తేటగా, వెనకంతా తెల్లగా ఉంటుంది. "ఇంకా బాగుంటుంది," అంది. "మనం మాస్కులు పెట్టుకుందాం. వాళ్ళు నలుగురూ క్లిక్కుకి ముందు తీసేస్తే చాలు."

"వెనక నిలబడేవాళ్ళకో?" అని అడిగింది డ్రమ్స్ అమ్మాయి.

"మాస్కులుంటే మొహాలు కనబడవు కదా," అంది ఫొటోగ్రాఫరు. ఆ మాటలో చెడ్డతనమేమీ లేదు. లైటు ఎంత దూరంలో ఉండాలో చెప్పినట్టే చెప్పింది.

"ఎంతసేపు, రెండు నిమిషాలు," అన్నాడు మేనేజరు. "ఏళ్ళ తరబడి చేసినవాళ్ళు. ఏం మేస్త్రీగారూ, వాళ్ళకేమైనా ఇబ్బందా?"

అందరూ ఆయనకేసి తిరిగారు. మేస్త్రీ నిటారుగా నిలబడ్డాడు. తనిఖీ అధికారులు కాగితాలు పట్టుకుని ఇదే చోట నిలబడి ఇదే అడిగేవారు. జవాబు వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది.

"ఏం ఫరవాలేదు సార్. వాళ్ళకి అలవాటే."

*

పన్నెండుకి తొమ్మిదిమందే వచ్చారు. మూడు తెల్లగుర్తులు పీకేశారు.

మొహాలకి రంగువేసే అమ్మాయి మసిలాంటిదేదో బుగ్గలకి పుయ్యబోతే పిట్టమ్మ చెయ్యి పట్టుకుంది. "దూదిలో మసెక్కడిదే తల్లీ? తెల్లగా... పుయ్యి. కనుబొమలకి. ముక్కులో వెంట్రుకలకి. ఇంటికెళ్తే ఇది... నన్ను చూసి జడుసుకునేది," అని కూతుర్ని చూపించింది. కూతురు తలుపు దగ్గరే నిలబడింది, సంచిలో పీల్చే మందు గొట్టం పెట్టుకుని.

"ఒకరోజు ఆ మొహంతోనే సంతకెళ్ళింది," అన్నాడు రేడియో. "పిండిమరలో పడ్డావా అని అడిగారు. ఔను, మొగుణ్ణి విసిరొచ్చా అంది!"

తొమ్మిదిమందీ నవ్వారు. నవ్వులో నలుగురికి దగ్గొచ్చింది.

పిట్టమ్మ గుర్తు ఎడమ మిషను పక్కనే. అక్కడికి వెళ్ళగానే ఆమె కుడిచెయ్యి, ఎవరూ చెప్పకుండానే, దూదిపొర దిగే చోటుకి పోయింది. లేని పొరని రెండువేళ్ళతో కూడదీసి, మెలిపెట్టి, గొట్టంలోకి జారవిడిచింది. ఫొటోగ్రాఫరు కెమెరా వెనకనుంచి తల తీసి చూసి, "అలాగే ఉండండమ్మా, అలాగే," అంది.

బ్యాండువాళ్ళు మాస్కులు తీసి సహాయకుల చేతికిచ్చారు. మేస్త్రీ ఫ్యాన్ల మధ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు, పక్కన గంపతో, కెమెరాకి కనబడకుండా. ముక్కుకి వాళ్ళిచ్చిన మాస్కు ఉంది.

"వెయ్యండి!"

గుప్పెడు వేశాడు. ఇంకో గుప్పెడు. నుసి వెనక్కి లేచి తొమ్మిదిమందిని కమ్మేసింది. మొదట రేడియో మొహం పోయింది, తర్వాత పన్ను ఊడినావిడది. గోడ పోయింది. ఎండ పడుతున్న చోట గాలి పాలలా విరిగింది. ఆ తెలుపులోంచి పిట్టమ్మ దగ్గు వచ్చింది. దగ్గు కూడా కాదు అది. ఎండిన గుడ్డని నిలువునా చించుతున్నట్టు, ఆగి మళ్ళీ చించుతున్నట్టు. ఆమె గుర్తు వదల్లేదు. మిషను అంచు పట్టుకుని, మొహం కెమెరా వైపే పెట్టడానికి చూస్తోంది.

"ఆపకండి, మేస్త్రీగారూ, ఇంకా! ఇంకా!"

మేస్త్రీ చెయ్యి గంపలో ఉంది. అది పైకి రాలేదు.

"ఏమైంది? వెయ్యండి!"

ఆయన లేచి ఫ్యాను మీట నొక్కేశాడు. ఒకటి, తర్వాత రెండోది. మోత తగ్గేసరికి హాల్లో దగ్గులే మిగిలాయి. ఫొటోగ్రాఫరు తెర చూసుకుని, "ఒక్కటీ రాలేదు, అంతా తెలుపే," అంది.

కూతురు మందు గొట్టంతో పరిగెత్తుకొచ్చింది. పిట్టమ్మ రెండుసార్లు పీల్చి, కూతుర్ని పక్కకి తప్పించి, మిషను పట్టుకుని, బ్యాండువాళ్ళ మధ్యలోంచి నడిచి మేస్త్రీ దగ్గరికొచ్చింది. అంత దూరానికి చాలాసేపు పట్టింది. ఎవరూ కదల్లేదు.

"ఎందుకు... ఆపావు?"

"నీకు ఊపిరాడటం లేదు పిట్టమ్మా."

"ఇవాళ... తెలిసిందా?"

ఆమె ఆయన చెవి వెనక వేలు పెట్టి మాస్కు తీసింది. పిల్లాడి మొహంమీద మెతుకు తీసినట్టే తీసింది. గంప పక్కన, ఆయన కూర్చున్న చోట చతికిలపడింది.

"నువ్వెళ్ళి నా గుర్తు మీద నిలబడు. నేను వేస్తాను."

"అమ్మా, నీ ఫొటో..." అంది కూతురు.

"ఫొటో తర్వాత. వెళ్ళు మేస్త్రీ."

మేనేజరు గడియారం చూసుకుని, "ఎవరో ఒకరు, త్వరగా కానివ్వండి," అన్నాడు.

మేస్త్రీ వెళ్ళి నిలబడ్డాడు. ఆ చోటు ఆయనకి గజం గజం తెలుసు. అయినా ఎప్పుడూ అటువైపునుంచి హాలుని చూడలేదు. అక్కణ్ణుంచి చూస్తే తలుపు చాలా దూరంగా ఉంది.

ఫ్యాన్లు మొదలయ్యాయి. పిట్టమ్మ వెయ్యడం మొదలుపెట్టింది. కోపంగా కాదు, కసిగా కాదు. ఒక గుప్పెడు, ఒక ఊపిరి, ఒక గుప్పెడు. పని తెలిసినవాళ్ళు చేసే తీరు. మొదట గొంతులో వెంట్రుక అడ్డం పడ్డట్టయింది. మింగాడు. పోలేదు. ముక్కు మూసుకుపోయి నోరు తెరిస్తే నాలుక మీద గుడ్డ పరిచినట్టయింది. పది లెక్కపెడదామనుకున్నాడు. ఏడు దగ్గర నీళ్ళు కమ్మి కళ్ళు మూసుకుపోయాయి. దగ్గితే లోపలికి పోయేదే గాని బయటికొచ్చేది లేదు. పారిపోదామని తలుపుకోసం వెతికాడు. తలుపు కనబడలేదు.

"దొరికింది!" అని అరిచింది ఫొటోగ్రాఫరు. "దొరికింది, చాలు, చాలు!"

ఫ్యాన్లు ఆగాక కూడా ఆయన మిషను మీద వాలిపోయే ఉన్నాడు. కూతురు ఆసరాతో పిట్టమ్మ ఆ పక్కనుంచే తలుపు వైపు వెళ్తూ ఆగింది.

"ఎనిమిది గంటలు మేస్త్రీ," అంది. "మధ్యలో అరగంట... భోజనం."

*

అయిదు రోజులకి ఫొటో బయటికొచ్చింది. టీ కొట్టతను ఫోను తీసి చూపించాడు. ముందు బ్యాండు నలుగురూ కాస్త మసకగా ఉన్నారు. స్పష్టంగా ఉన్నది ఒకే ఒక్క మొహం. తెల్లటి కనుబొమలు, తెరుచుకున్న నోరు, కారుతున్న కళ్ళు. మేస్త్రీది. కింద వేలమంది రాశారు: ఆ కళ్ళు చూడండి. ఎన్నేళ్ళ కష్టమో. ఆ తండ్రికి దణ్ణం.

టీ కొట్టతను గ్లాసు తనే చేతికందించాడు. దారిలో ముక్కూమొహం తెలియనివాళ్ళు పలకరించారు. ఒకమ్మాయి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఉన్నమాట చెప్పాలంటే, ఆ పూటంతా ఆయనకి హాయిగానే ఉంది.

ఇంటికొచ్చి భార్యకి చూపించాడు. ఆవిడ ఫోను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"బాగా వచ్చింది," అని తిరిగిచ్చేసింది. "ఎవరి మొహానికి ఎవరి కష్టం!"

మర్నాడు పత్రికావిడ వచ్చింది. గేటు దగ్గర ఆవిడకి కుర్చీ వేసి, ఆయన రాతిగట్టు మీద కూర్చున్నాడు. మిల్లు ఆఫీసునుంచి అప్పటికే ఫోనొచ్చింది. పాత విషయాలు తవ్వొద్దు, ఉద్యోగం చూసుకో అని.

"కార్డింగులో ఎన్నేళ్ళు చేశారండీ?" అని అడిగింది ఆవిడ, పెన్ను తెరిచి.

మేస్త్రీ గేటు తాళాలకేసి చూశాడు.

"ఒక్కరోజు కూడా చెయ్యలేదమ్మా."

"అంటే?"

"తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. ముక్కుకి రుమాలు కట్టుకుని. ఎవర్ని ఎక్కడ పెట్టాలో చెప్పడమే నా పని. మా పిట్టమ్మ ఊపిరాడటం లేదు మార్చమంటే వచ్చే నెల అనేవాణ్ణి. పదకొండేళ్ళు అన్నాను. మనిషి కార్డింగులో, కార్డు మీద ప్యాకింగు. ఆ ఒక్కదానికే కాదు, చాలామందికి అలాగే రాశాను. నా చేత్తోనే."

ఆవిడ కొంతసేపు గబగబా రాసుకుంది. తర్వాత మెల్లగా రాసింది. తర్వాత ఆపింది.

"ఇది... వేరే కథ అవుతుందండీ."

"అసలు కథే ఇదమ్మా."

ఆవిడ తల ఊపి, పెన్ను మూత పెట్టుకుని, ఆయన్ని గేటు చువ్వలు పట్టుకోమని ఒక ఫొటో తీసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం పేపర్లో సగం పేజీ వేశారు. పిట్టమ్మ గదిలో ఆమె కూతురు దాన్ని పైకి చదివింది. "పాత రోజుల గురించి అడిగితే ఆ వృద్ధ కార్మికుడికి మాట పెగల్లేదు. గేటు చువ్వలు పట్టుకుని మౌనంగా కళ్ళు తుడుచుకున్నాడు."

పిట్టమ్మ గట్టుమీద తల వాల్చి నవ్వింది. ఈసారి దగ్గు వస్తున్నా నవ్వు ఆపలేదు.

"నేను చెప్పాను," అన్నాడు మేస్త్రీ గుమ్మంలోనే నిలబడి. "అంతా చెప్పాను పిట్టమ్మా. ఒట్టు."

"ఎవరికి?"

"ఆవిడకే."

"ఆవిడ నా ఊపిరితిత్తులు... చూస్తుందా?" పిట్టమ్మ మోచేతులు సర్దుకుంది. "చూసేవాడికి చెప్పు."

*

ఛాతీ ఆసుపత్రిలో వాళ్ళ వంతు వచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. డాక్టరు కుర్రవాడు, కళ్ళకింద నిద్రలేమి. పాత చీటీ చూశాడు, గొట్టం పెట్టి వీపు విన్నాడు, అలవాటుగా మందు రాయబోయాడు.

"ఈవిడ ప్యాకింగులో చెయ్యలేదండీ," అన్నాడు మేస్త్రీ.

"మీరెవరు? బంధువులా?"

"కాదు. మేస్త్రీని."

నిలబడే చెప్పాడు. పత్రికావిడకి చెప్పినంత ధారాళంగా రాలేదు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎన్ని మిషన్లకి ఎందరు, తలుపులు ఎందుకు మూసేవాళ్ళు. డాక్టరు ఒక్కొక్కటే అడిగి ఆపి మళ్ళీ అడుగుతుంటే ఒక్కో జవాబూ పొట్టిదవుతూ వచ్చింది. ఆఖర్న డాక్టరు ఒక తెల్లకాగితం ముందుకి జరిపాడు.

"ఇదంతా రాసి సంతకం పెట్టండి. దీన్ని నేను పై ఆఫీసుకి పంపాలి. వాళ్ళు మిల్లువాళ్ళని అడుగుతారు. మిల్లువాళ్ళు మిమ్మల్ని అడుగుతారు. తెలుసుగా?"

"తెలుసు బాబూ."

ఆయన రాస్తున్నంతసేపూ పిట్టమ్మ ఆ పెన్ను కదలికనే చూస్తూ కూర్చుంది. ఆమెకి చదువు రాదు. అక్షరాలు మాత్రం గుర్తుపట్టింది; కార్డు మీదున్నట్టే గుండ్రంగా, పొందిగ్గా ఉన్నాయి. డాక్టరు చీటీ మీద పొగ అన్న మాట కొట్టేసి పైన దూది అని రాశాడు. మందులు మాత్రం అవే రాశాడు.

"ఇప్పుడు తగ్గుతుందా?" అని అడిగింది కూతురు.

డాక్టరు చీటీ మడిచి ఆమె చేతికిచ్చాడు. "తగ్గదమ్మా," అన్నాడు.

బయట మెట్ల మీద పిట్టమ్మ సగంలో కూర్చుండిపోయింది. కూతురు మందుల వరసలో నిలబడటానికి వెళ్ళింది. మేస్త్రీ రెండు మెట్లు కింద కూర్చున్నాడు. ఏదో అనాలని రెండుసార్లు నోరు తెరిచాడు. ఆమె అటు చూడనట్టే ఉండి, "అనకు," అంది.

కాసేపయ్యాక తనే అడిగింది. "ఇంకా ఎంతమందికి రాశావు అలా?"

"పద్నాలుగుమంది."

"చెప్పు."

ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పాడు. రేడియో. పన్ను ఊడినావిడ. మంచంలో ఉన్న పెద్దాయన. కవలల తల్లి. చెబుతూ పోతే పదమూడు దగ్గర ఆగాడు.

"మెల్లకన్ను," అంది పిట్టమ్మ.

"ఆవిడ పోయింది కదా."

"పోతే? ఆవిడ కార్డు మీద... అబద్ధం పోయిందా?"

మేస్త్రీ పద్నాలుగో పేరుకి ఏ వేలు మడవాలో తెలియక చెయ్యి అలాగే పట్టుకున్నాడు.

పిట్టమ్మ లేవబోయింది. ఆయన చప్పున చెయ్యి చాపాడు. ఆమె దాన్ని చూసింది, పట్టుకోలేదు; కమ్మీ పట్టుకుని లేచి, నిలదొక్కుకుని, ఊపిరి దొరికేదాకా ఆగింది.

"రేపు ఉదయం," అంది. "ముందు మెల్లకన్ను కొడుకింటికే పో."